హౌండ్ షోకు మొదటిసారి ప్రేక్షకులుగా వెళ్లేవారు ఎలా మెలగాలి?

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనంతలో ముందు చెప్తాను. మీరు అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని యాష్‌బర్న్‌లో ఉంటున్నారు. మీ ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన మే నెలాఖరున జరిగే వర్జీనియా ఫాక్స్‌హౌండ్ షోకు, అంటే నక్కల వేట జాగిలాల పోటీకి, మిమ్మల్ని కుటుంబంతో సహా రమ్మని పిలిచారు. అక్కడికి ఏం కట్టుకుని వెళ్లాలో, ఎవరిని ఎలా పలకరించాలో, మీ ఎనిమిదేళ్ల అబ్బాయి ఆ కుక్కలను నిమరవచ్చో లేదో, ఇంట్లో ఉన్న లాబ్రడార్‌ను వెంట తీసుకెళ్లవచ్చో లేదో, శాకాహారులైన మీరు అక్కడి భోజనాల దగ్గర ఏం చేయాలో తెలియక అడుగుతున్నారు.

సూటిగా చెప్పాలంటే, తప్పకుండా వెళ్లండి, లాబ్రడార్‌ను మాత్రం ఇంట్లోనే ఉంచండి. శుభ్రమైన, ఆర్భాటం లేని బట్టలు, గడ్డిలో నడవడానికి వీలైన చెప్పులు చాలు. అబ్బాయి జాగిలాలను నిమరవచ్చు కానీ, వాటి పోటీ ముగిశాక, హంట్స్‌మన్‌ను అడిగిన తర్వాతే. మిగిలిన మర్యాదలన్నీ ఒక్క విషయంలోంచి పుట్టినవే: రింగులో, అంటే చుట్టూ తాడు కట్టిన పోటీ బరిలో, ఉన్న జాగిలం దృష్టి దాని హంట్స్‌మన్ మీద ఉండాలి, ఆ దృష్టిని మళ్లించే పని ఏదీ ప్రేక్షకుడు చేయకూడదు. హంట్స్‌మన్ అంటే జాగిలాలను సాకి, తర్ఫీదు ఇచ్చి, వేటలో బూర ఊది నడిపించే మనిషి. హంట్ అంటే జాగిలాలను పెంచి వాటితో నక్కల వేట సాగించే సంఘం. మాస్టర్ అంటే ఆ హంట్ మొత్తానికి బాధ్యత వహించే పెద్ద.

నేను రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదువుకుని ఈ దేశానికి వచ్చాను. ఇరవై ఏళ్లుగా లౌడన్ కౌంటీ పరిసరాల్లో గుర్రాలకూ జాగిలాలకూ వైద్యం చేస్తున్నాను. వృత్తిరీత్యా కెన్నెల్స్‌లోకి, అంటే జాగిలాలను ఉంచే శాలల్లోకి, వెళ్లిన నేను మొదటి రెండేళ్లు ఈ షోను తాడుకు ఇవతల నిలబడి మీలాగే చూశాను. కాబట్టి మీ సంకోచం నాకు బాగా తెలుసు.

ముందుగా అది ఏ రకమైన సభో గ్రహించడం అవసరం. టీవీలో కనబడే పెంపుడు కుక్కల ప్రదర్శనకూ దీనికీ పోలిక తక్కువ. ఇక్కడికి వచ్చేవన్నీ పనిచేసే జాగిలాలు. శరదృతువు నుంచి వసంతం మొదలయ్యే దాకా వారానికి రెండు మూడు రోజులు మైళ్లకొద్దీ పరుగెత్తినవి. వాటికి ఒక్కొక్క యజమాని అంటూ ఉండడు. అవి హంట్‌కు చెందినవి. న్యాయనిర్ణేత వాటి భుజం వాలు, కాళ్ల నిటారుతనం, పాదం, మెడ, నడుము, అన్నిటికీ మించి నడక చూస్తాడు. ఒంగోలు గిత్తల పోటీలు చూసినవారికి ఈ చూపు కొత్త కాదు. మూపురం, గంగడోలు ఎంత అందంగా ఉన్నా, అడుగు తడబడే గిత్తను మన పెద్దరైతులు ఎలా పక్కన పెడతారో, ఇక్కడి న్యాయనిర్ణేతలూ అలాగే పెడతారు. రంగుకు దాదాపు విలువ లేదు. అందువల్ల మీకు ముద్దొచ్చిన జాగిలం ఆఖరున నిలబడితే ఆశ్చర్యపోకండి, పైకి అనకండి. దాన్ని పెంచినవారు మీ భుజం పక్కనే నిలబడి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

షో చాలా ఏళ్లపాటు లీస్‌బర్గ్‌లోని మోర్వెన్ పార్క్‌లో జరిగింది. 1918 నుంచి 1922 దాకా వర్జీనియా గవర్నరుగా ఉన్న వెస్ట్‌మోర్‌లండ్ డేవిస్ ఎస్టేట్ అది. ఆయన స్వయంగా లౌడన్ హంట్‌కు మాస్టరుగా ఉన్నవారు. వేదిక, వేళలు ఏ ఏడుకాయేడు నిర్వాహకుల ప్రకటనలో చూసుకోండి. ఈ నేల మీద ఈ వ్యవహారం నిన్న మొన్నటిది కాదన్న సంగతి మాత్రం మనసులో ఉంచుకోండి. రాబర్ట్ బ్రూక్ అనే ఆయన 1650లో తన జాగిలాలతో మేరీలండ్‌లో దిగాడు. 1785లో ఫ్రెంచి సేనాని లఫాయెట్ ఫ్రాన్స్ నుంచి జార్జి వాషింగ్టన్‌కు జాగిలాలను పంపాడు. అక్కడ మీతో మాట్లాడే ముసలాయన తన తాత ప్యాక్ (జాగిలాల గుంపు) గురించి చెప్పడం మొదలుపెడితే, అది మన ఊళ్లో ఎవరైనా తమ వంశపు ఆబోతు గురించి చెప్పడం లాంటిదే. ఓపికగా వినండి, ఆ పూటకు అంతకన్నా మంచి పాఠం దొరకదు.

మాట దగ్గర మొదటి జాగ్రత్త: వాటిని కుక్కలు అనకండి, హౌండ్స్ అనండి. ఇది డాంబికం కాదు. మన భాషలోనే ఈ తేడా ఉంది. దొంగతనం జరిగిన ఇంటికి పోలీసు కుక్కలు వచ్చాయని మన పత్రికలు రాయవు, జాగిలాలు వచ్చాయని రాస్తాయి. పని నేర్చిన జంతువుకు ఇచ్చే గౌరవం అది. అలాగే తోకను వారు స్టెర్న్ అంటారు. డాగ్ హౌండ్ అంటే మగది. బిచ్ అన్న మాటను ఆడ జాగిలానికి సహజంగా వాడతారు. పిల్లలు విని ఉలిక్కిపడకుండా ముందే చెప్పి తీసుకెళ్లండి. లెక్క జతల్లో ఉంటుంది, మన రైతులు ఎడ్లను జతల్లో చెప్పినట్లే. ఇరవై అయిదు జాగిలాలుంటే పన్నెండున్నర జతలు అంటారు. ‘ఎంటర్డ్’ అంటే ఇప్పటికే ఒక వేట కాలం పనిచేసినది, ‘అనెంటర్డ్’ అంటే ఇంకా పనిలో దిగని కుర్ర జాగిలం. ఈ అయిదారు మాటలు తెలిస్తే చేతిలోని క్యాటలాగు చదవగలుగుతారు. అందులో ప్రతి పేరు పక్కన పుట్టిన సంవత్సరం, తండ్రి పేరు, తల్లి పేరు ఉంటాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లల పేర్లు తల్లి పేరో తండ్రి పేరో మొదలయ్యే అక్షరంతోనే పెట్టడం చాలా హంట్లలో ఆచారం. మీ అబ్బాయికి క్యాటలాగు ఇచ్చి అన్నదమ్ములను వెతకమనండి, గంటసేపు కదలడు.

ఇక తాడు దగ్గర ప్రవర్తన. మీ ప్రశ్నలో అసలు బరువంతా దీని మీదే ఉంది. హంట్స్‌మన్ జాగిలాన్ని రింగులోకి తెచ్చి పట్టీ విప్పుతాడు. జేబులోంచి బిస్కట్ ముక్కలు తీసి విసురుతూ దాన్ని పరుగెత్తిస్తాడు, నిలబెడతాడు. అది తల ఎత్తి, నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడి ఆయన చేతి వంక చూసే ఆ కొద్ది క్షణాల్లోనే న్యాయనిర్ణేతకు చూడవలసినది కనబడుతుంది. ఆ క్షణంలో ఎవరైనా ఈల వేసినా, చిటిక వేసినా, తినుబండారం పొట్లం చప్పుడు చేసినా జాగిలం అటు తిరుగుతుంది. దాని తప్పు ఏమీ లేదు; చిన్న శబ్దానికి, సన్నని వాసనకు స్పందించడానికే దాని పూర్వీకులను తరతరాలుగా ఎంచి పెంచారు.

కొన్నేళ్ల క్రితం నా కళ్లముందే ఇలా జరిగింది. కొత్తగా వచ్చిన ఒక కుటుంబం తాడుకు ఆనుకుని కూర్చుంది. పోటీలో చివరికి రెండు జాగిలాలు మిగిలాయి. న్యాయనిర్ణేత వాటిని పక్కపక్కన చూస్తున్న సమయంలో వారి పిల్లవాడు చిప్స్ పొట్లం చింపాడు. ఒక కుర్ర జాగిలం హంట్స్‌మన్‌ను వదిలి నేరుగా తాడు దగ్గరికి వచ్చి మూతి చాపింది. చుట్టూ ఉన్నవారు నవ్వారు. జాగిలాన్ని వెనక్కి పిలవడానికి కొంతసేపు పట్టింది, దానికి రెండో స్థానం వచ్చింది. ఆ పొట్లం వల్లే అలా వచ్చిందని నేను అనను, కానీ ఆ తల్లి ముఖం చిన్నబోయింది. మధ్యాహ్నం ఆ హంట్స్‌మన్ తానే వారిని వెతుక్కుంటూ వచ్చి, పిల్లవాణ్ని జాగిలం దగ్గరికి తీసుకెళ్లి, దాని పేరు చెప్పి, వాడి చేత బిస్కట్ పెట్టించాడు. అక్కడివారు పట్టింపు గలవారే, కానీ తెలియక జరిగినదాన్ని మనసులో పెట్టుకునేవారు కారు.

కాబట్టి తాడుకు రెండడుగులు ఇవతల కూర్చోండి. తాడు మీదుగా చేతులు, కాళ్లు చాపకండి. రింగు ద్వారం దగ్గర నిలబడకండి. అక్కడ ఎప్పుడూ జాగిలాలు వస్తూ పోతూ ఉంటాయి. ఎండకు గొడుగు వేసుకోవచ్చు గాని, జాగిలం ఎదురుగా ఉన్నప్పుడు దాన్ని టక్కున తెరవకండి. ఫలితం ప్రకటించాక చప్పట్లు కొట్టండి, ఓడినవారికి కూడా కొట్టండి. న్యాయనిర్ణేతతో ఆ విభాగం పోటీలన్నీ ముగిసేదాకా మాట్లాడకూడదు, పరిచయమున్నా సరే. ఫోటోలు తీయవచ్చు, ఫ్లాష్ వద్దు. మనుషుల ముఖాలు దగ్గరగా తీయాలంటే అడిగి తీయండి.

లాబ్రడార్ సంగతికి వస్తాను. దాన్ని వద్దనడానికి మొదటి కారణం మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. రెండోది, వైద్యుడిగా నాకు ముఖ్యమైనది, అంటువ్యాధి. ఎన్నో రాష్ట్రాల కెన్నెల్స్ నుంచి వచ్చిన జాగిలాలు ఒకే మైదానంలో ఒక రోజు గడిపి తిరిగి తమ తమ గుంపుల్లోకి వెళ్లిపోతాయి. ఒక పెంపుడు కుక్క దగ్గు ఇక్కడ అంటుకుంటే వారం తిరగకముందే వందల మైళ్ల దూరంలోని కెన్నెల్స్‌లో కుక్కపిల్లలు దగ్గుతాయి. ఈ భయానికి గట్టి కారణమే ఉంది. 1999లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక హంట్ కెన్నెల్స్‌లో ఫాక్స్‌హౌండ్లకు లీష్మానియా వ్యాధి బయటపడింది. మన దేశంలో బీహార్ వైపు మనుషులకు వచ్చే కాలా అజార్‌కు కారణమైన పరాన్నజీవి కుటుంబానికే అదీ చెందినది. పరీక్షలు చేస్తే మరెన్నో రాష్ట్రాల హౌండ్లలో కూడా అది కనబడింది. ఆనాటి నుంచి కెన్నెల్స్ నడిపేవారు బయటి కుక్కల విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటారు. అక్కడ ఎవరో ఒకరు చిన్న టెరియర్‌ను పట్టుకుని తిరగడం మీకు కనబడవచ్చు. దాన్ని చూసి మీరు ధైర్యం తెచ్చుకోవద్దు.

దుస్తుల విషయం తేలిక. రింగులో ఉండే హంట్ సిబ్బంది ఎర్ర కోటో, తెల్లని కెన్నెల్ కోటో వేసుకుంటారు. న్యాయనిర్ణేతలు తరచుగా బౌలర్ టోపీ పెట్టుకుంటారు. ప్రేక్షకుల్లో మగవారు పలుచని కోటు, టై, ఆడవారు వేసవి గౌను, వెడల్పు అంచుల టోపీ ధరించడం కనబడుతుంది. మామూలు చొక్కాలో వచ్చేవారూ బోలెడుమంది. మీ శ్రీమతిగారు నేత చీర కట్టుకుంటే అంతకన్నా తగిన దుస్తులు లేవు. మా ఆవిడ మంగళగిరి చీరలోనే ఎన్నోసార్లు వచ్చింది, ప్రతిసారీ దాని అంచు గురించి ఎవరో ఒకరు ఆసక్తిగా అడిగారు. ఎత్తు మడమల చెప్పులు మాత్రం గడ్డిలో దిగబడతాయి. హంట్ కోటులా ఉండే ఎర్ర కోటు, ఇత్తడి గుండీలు ప్రేక్షకులు వేసుకోకపోవడం మంచిది. ప్రతి హంట్‌కూ తనదైన కాలరు రంగు, గుండీలు ఉంటాయి, వాటిని ధరించే హక్కును మాస్టర్ ఇస్తేనే వేసుకుంటారు. టోపీ, నీళ్ల సీసా, సన్‌స్క్రీన్ తెచ్చుకోండి. మే నెలాఖరులో ఇక్కడ ఉక్క బాగా ఉంటుంది, మధ్యాహ్నం ఉరుములతో వాన రావచ్చు. ఇంటికి వెళ్లాక పిల్లల కాళ్లు, చెవుల వెనుక, నడుము దగ్గర పిడుదులు ఉన్నాయేమో తప్పక చూడండి. వాటి కాటు వల్ల వచ్చే లైమ్ వ్యాధి ఈ కౌంటీలో ఎంత మామూలో నేను రోజూ చూస్తున్నాను.

పలకరింపు గురించి. మీ ఆతిథేయి మిమ్మల్ని ఒక మాస్టరుకు పరిచయం చేస్తే ‘గుడ్ మార్నింగ్, మాస్టర్’ అంటే చాలు. ఆడవారైనా మాస్టరే. ఆ తర్వాత సంభాషణ మొదలుపెట్టడానికి ఎప్పటికీ పనికివచ్చే ప్రశ్న ఒకటుంది: ‘మీరు ఏ హంట్‌తో ఉన్నారు?’ దాని తర్వాత, ‘ఈ ఏడాది కుర్ర జాగిలాల్లో మీకు నచ్చినది ఏది?’ అని అడగండి. ఇంకా మంచి ప్రశ్న, ‘మీరు కుక్కపిల్లలను పెంచారా?’ అన్నది. చాలా హంట్లు పాలు మరిచిన కుక్కపిల్లలను కొన్ని నెలలపాటు ఊళ్లో కుటుంబాలకు ఇస్తాయి. వాటికి పేరు పలకడం, మనుషుల మధ్య మసలడం, కోళ్ల జోలికి పోకుండా ఉండడం నేర్పి ఆ కుటుంబాలు తిరిగి అప్పగిస్తాయి. అలా పెంచినవారు తమ పిల్ల రింగులోకి వస్తున్నప్పుడు పెళ్లికూతురి మేనమామలా నిలబడి ఉంటారు. వారితో రెండు మాటలు మాట్లాడితే మీకు షో అంతా వేరుగా కనబడుతుంది.

అడగకూడని ప్రశ్న: ‘ఈ జాగిలం ఖరీదెంత?’ మనవాళ్ల నోట ఇది సహజంగా వచ్చేస్తుంది, అందులో దురుద్దేశం ఉండదు. కానీ ఫాక్స్‌హౌండ్లను హంట్లు ఒకదానికొకటి అమ్ముకోకుండా ఉచితంగా ఇచ్చుకోవడం పాత సంప్రదాయం. ఈ మాస్టర్ ఇచ్చిన మగ జాగిలం సంతానం నాలుగేళ్ల తర్వాత మరో రాష్ట్రంలో గెలిస్తే ఇద్దరూ కలిసి సంతోషిస్తారు. ధర అడగడం ఆ బంధాన్ని తెలియక తక్కువ చేయడమే. అలాగే ఇంటికి ఒక పిల్లను ఇస్తారా అనీ అడగవద్దు. గుంపులో పెరిగిన జాగిలం అపార్ట్‌మెంటులో బతకడం కష్టం. వయసు మళ్లి విశ్రాంతి తీసుకున్న జాగిలాలను దత్తత ఇచ్చే హంట్లు ఉన్నాయి. నిజంగా ఆసక్తి ఉంటే దాని గురించి ఫోనులో మరో రోజు అడగండి.

జాతుల గురించి తీర్పులు కూడా వద్దు. సాధారణంగా అమెరికన్, ఇంగ్లిష్, క్రాస్‌బ్రెడ్, పెన్-మేరీడెల్ అని జాతికొక రింగు ఉంటుంది, పక్షపాతాలు బలంగా ఉంటాయి. 1905 నవంబరులో హ్యారీ వూస్టర్ స్మిత్, హెన్రీ హిగిన్సన్ అనే ఇద్దరు మాస్టర్ల జాగిలాలు, స్మిత్ అమెరికన్ జాగిలాలూ, హిగిన్సన్ ఇంగ్లిష్ జాగిలాలూ, మిడిల్‌బర్గ్ ప్రాంతంలోనే చెరి వెయ్యి డాలర్ల పందెంతో పోటీపడ్డాయి. ఏ పక్షమూ ఒక్క నక్కను చంపలేదు, అయినా న్యాయనిర్ణేతలు స్మిత్ జాగిలాలకే గెలుపు ఇచ్చారు. నూరేళ్లు దాటినా దాని గురించి వాదించేవారు మీకు తారసపడతారు. నాకు పెన్-మేరీడెల్ గొంతు ఇష్టం. లోతైన కంఠం, పొడవాటి చెవులు, చల్లారిన వాసనను కూడా వదలని ముక్కు. కానీ రింగులో గొంతునూ ముక్కునూ ఎవరూ కొలవలేరు, అందుకే షోలో గెలిచినదే వేటలో మేటి అని కెన్నెల్స్ మనుషులు ఎవరూ అనరు.

భోజనాలు కార్ల దగ్గర జరుగుతాయి. వెనుక తలుపు తెరిచి, మడతబల్ల వేసి, గుడ్డ పరిచి, ఎవరి బుట్ట వారు విప్పుతారు. పంది మాంసం కూరిన మెత్తని బిస్కెట్ రొట్టెలు, వేయించిన కోడి, ఉడికించిన గుడ్లు ఉంటాయి, మద్యమూ ఉంటుంది. ‘మేము మాంసం తినము, ధన్యవాదాలు’ అని ఒక్కసారి నవ్వుతూ చెబితే ఎవరూ బలవంతం చేయరు. కారణాలు వివరంగా చెప్పనక్కరలేదు. ఖాళీ చేతులతో మాత్రం వెళ్లకండి. మేము పులిహోర తీసుకెళ్తాం, చేత్తో తినేవారికి వీలుగా చిన్న కాగితపు గిన్నెల్లో పెట్టి ఇస్తాం. ఆఖరి గింజ దాకా చెల్లుతుంది. ఒక హెచ్చరిక: ఉల్లిపాయ వేసిన గారెలు, ఎండుద్రాక్ష ఉన్న కేసరి, చాక్లెట్ జాగిలాలకు విషంతో సమానం. మిగిలినవి నేల మీద వదలకండి, పిల్లల చేత వాటికి పెట్టించకండి.

వేట అంటేనే మనసు ఒప్పని వారు మనలో చాలామంది ఉన్నారు, బహుశా మీ ఇంట్లోనూ ఉండవచ్చు. ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో జాగిలాలతో నక్కలను వేటాడడం 2004 చట్టం ప్రకారం 2005 ఫిబ్రవరి 18 నుంచి నిషిద్ధం. అక్కడి హంట్లు ముందుగా పరిచిన వాసన జాడ వెంట పోతామని చెప్తాయి. ఇక్కడ అటువంటి నిషేధం లేదు, అయితే చంపడం కన్నా తరమడమే ముఖ్యమని ఇక్కడి హంట్లు అంటాయి. నక్క బొరియలో దూరితే ఆ పరుగు ముగిసినట్లే. మీకు అభ్యంతరం ఉంటే దాచుకోనక్కరలేదు, ఎవరైనా అడిగితే నిజాయితీగా చెప్పండి. కానీ ‘ఎన్ని నక్కలను చంపారు?’ అని తాడు పక్కన నిలబడి అడగడం పిలిచిన మనిషిని నలుగురిలో ఇబ్బంది పెట్టడమే. ఆ చర్చ మీ పెద్దాయనతో మరో రోజు కాఫీ తాగుతూ చేయండి. నేను చాలామంది మాస్టర్లతో చేశాను, ఎవరూ కోపగించుకోలేదు.

చివరిగా మీ అబ్బాయి. పోటీలు అయ్యాక జాగిలాలను నీడలో ఉన్న ట్రెయిలర్ల దగ్గర నీళ్లు పెట్టి ఉంచుతారు. హంట్స్‌మన్ చేతులు ఖాళీగా ఉన్నప్పుడు అబ్బాయి చేతనే అడిగించండి. ఆయన ఒప్పుకున్నాక, ఆయన పిలిచిన ఒక్క జాగిలాన్నే, ముందు చేతి వెనుకభాగం వాసన చూడనిచ్చి, తర్వాత మెడ పక్కన నిమరమనండి. నడినెత్తి మీద తట్టవద్దనండి. అవి చాలా సాధువులు, కానీ ఒకటి దగ్గరికి వస్తే మిగతా పది కూడా వస్తాయి, ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆ తోపులాటలో సులభంగా కిందపడతాడు. మీరు ఒక చెయ్యి వాడి భుజం మీద ఉంచండి. బయలుదేరే ముందు ఆ హంట్స్‌మన్‌కు కృతజ్ఞత చెప్పి, క్యాటలాగులో ఆ జాగిలం పేరు పక్కన వాడి చేత ఒక గుర్తు పెట్టించండి. వచ్చే ఏడాది అది ‘ఎంటర్డ్’ తరగతిలో నిలబడినప్పుడు మీవాడు దాన్ని గుర్తుపడతాడు.